తువ్వాల కింద ధర

ఆయన పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. నలభయ్యో రోజు ఫాతిహా కూడా అయిపోయిన తర్వాత, నల్లగొండ బస్టాండు ఎదుట చాయ్ తాగుతుంటే, మేకలు అమ్ముకుని వచ్చిన ఒకాయన పక్కవాడితో అంటున్న మాట చెవిన పడింది. "దలాలు చాచా లేకపాయె. గిప్పుడు అంగట్ల బేరం తెంపేటోడే లేడు."

నేను కండక్టరుగా ఉన్న అన్నేళ్లూ, వారానికోసారి చౌటుప్పల్‌లో జరిగే పశువుల అంగడి రోజు తప్పకుండా నా బస్సెక్కిన మనిషి. పోతే కబురు చేయాలని ఒక్కరికీ తోచలేదు. ఇది నేను గుర్తుపెట్టుకుంటాను.

ఇంటికొచ్చి మా అమ్మాయి మౌనికకు చెప్పాను. ఆమె అప్పుడే పని నుంచి వచ్చి, బురద చెప్పులు గడప బయట విప్పుతోంది.

"నాకెరుకే నాయినా. మట్టి నాడే పొయ్యొచ్చిన."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు ఆయన మీద కోపం గదా."

కోపం వేరు, కబురు వేరు. అసలు కోపం ఉన్నవాడికే ముందు చెప్పాలి. లేనివాడు ఎలాగూ నాలుగు రోజుల్లో మరిచిపోతాడు.

కోపం ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. నేను నల్లగొండ నుంచి చౌటుప్పల్ వెళ్లే బస్సుకు కొత్తగా వేసిన కండక్టరును. అంగడి రోజు. నిలబడే జాగా లేదు. ఆయన ముందు తలుపు దగ్గరి సీట్లో కూర్చున్నాడు. తెల్ల గడ్డం, గోధుమరంగు లాల్చీ, భుజం మీద నీలం అంచు తువ్వాల. కూర్చునే ముందు ఆ తువ్వాలతో సీటును రెండు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. దుమ్మంతా వెనక కూర్చున్నవాళ్ల మీద పడేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. టికెట్ ఇవ్వబోతే నా మొహంలోకి చూసి, బస్సంతా వినేలా అన్నాడు.

"ఏం సాబ్, నువ్వు నవ్వితే నీకు సుత టికెట్ కొడతరా?"

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఆయన పశువుల దలాలు. పాలబర్రెలు, కోడెలు, పెయ్యలు, ఏవైనా సరే అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం తెంపడం ఆయన పని. పశువుల అంగట్లో ధర పైకి చెప్పరు. దలాలు అమ్మేవాడి చేయి పట్టుకుని పైన తువ్వాల కప్పుతాడు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఎన్ని వేళ్లు పడితే అన్ని. అవి వందలా వేలా అన్నది ఎదుట నిలబడ్డ పశువును బట్టి ఇద్దరికీ తెలుసు. చుట్టూ ఎంతమంది మూగినా వాళ్లకు కనిపించేది తువ్వాల కదలడం ఒక్కటే. బేరం చెడినా ఎవడు ఎంత అడిగాడో, ఎవడు ఎంతకు దిగాడో మూడోవాడికి తెలియదు. ఎవరి పరువూ పోదు.

ఈ అలవాటు ఆయన ఒంటికి ఎంత పట్టిందంటే, అంకె అన్నది ఆయన నోటి నుంచి రాగా నేను వినలేదు. మనుమలెందరు చాచా అంటే వేళ్లు చూపేవాడు. టైమెంతయింది అంటే చేయి తిప్పి గడియారం మన మొహానికి పెట్టేవాడు. ఒకసారి బస్టాండులో ఒక ముసలమ్మ నందికొండ బస్సు ఎన్నో నంబరు దగ్గర ఆగుతుందని అడిగితే, ఆమె సంచి తానే పట్టుకుని నడిపించి, బస్సు ముందు నిలబెట్టి వచ్చాడు. ఈలోపు మా బస్సు ఆయన కోసం ఆగింది. ఆలస్యానికి డిపోలో సంజాయిషీ ఇచ్చుకున్నది నేను.

"ఒక్క నంబరు నోటితోని చెప్తే ఏం పోతుండె చాచా?" అని గట్టిగానే అడిగాను.

"నోట్లకెళ్లి బయటవడ్డది ధర గాదు సాబ్, పంచాయితి" అన్నాడు. బస్సు నంబరుకూ పంచాయితీకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

మనుషులను కూడా పశువులను చూసినట్టే చూసేవాడు. ఎక్కేటప్పుడు నడక, కూర్చున్నాక పళ్లు, దిగేటప్పుడు కాళ్లు. ఒకనాడు నా కళ్లలోకి చూసి, "పచ్చగున్నయ్. కామెర్లున్నట్టున్నది. జర దవాఖానకు పో" అన్నాడు. వెళ్లాను. రక్తం తీశారు, స్కానింగు తీశారు. ఏమీ లేదు. తరువాతి వారం ఆ మాట చెబితే, "ఏం లేకుంటె మంచిదే గదా, గంత మొహం మాడ్సుకునుడెందుకు?" అని తువ్వాల మొహం మీద కప్పుకుని నిద్రపోయాడు. అలా కూర్చునే నిద్రపోయేవాడు. చౌటుప్పల్ మలుపు రాగానే ఎవరూ లేపకుండా లేచేవాడు.

ఇక అసలు సంగతి. రాష్ట్రం వచ్చిన కొత్తలో మౌనిక పదో తరగతి పాసయింది. పశువైద్య డిప్లొమా చదువుతానంది. రెండేళ్ల చదువు. డాక్టరు కాదు, డాక్టరు కింద సూదులు వేసి, కట్లు కట్టి, పశువులు ఈనేటప్పుడు వెళ్లే పని. ప్రవేశ పరీక్ష రాసింది గాని సర్కారు సీటు కొద్దిలో తప్పింది. పాలమూరు దిక్కున ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఏజెంటు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. సీటు పట్టి పెడతానంటాడు, రేపు ఉండదంటాడు. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కూడితే, చిట్యాల దగ్గర నేను కడుపు కట్టుకుని కొన్న చిన్న జాగా ధర అవుతుంది. నా పేరు మీద ఈ భూమి మీద ఉన్నది ఆ జాగా ఒక్కటే. మేముండేది కిరాయి ఇంట్లో.

మా బావమరిది చౌటుప్పల్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒక పెళ్లిలో, అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు అన్నాడు.

"బావా, పిల్లను మా ప్యాకింగుల పెట్టియ్యి. ఒకటో తారీకు రాంగనే జీతం. జాగా అమ్మి గా సదువు సదివిస్తె ఏమైతది? బర్ల డాక్టరైతదా? బర్ల ఆయా అయితది."

పంక్తి మొత్తం నవ్వింది. విస్తట్లో పప్పు అలాగే వదిలి లేచాను. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను, జాగా అమ్మాల్సిందే అని. కొనేవాణ్ని కూడా చూసుకున్నాను.

రెండు రోజుల తర్వాత చౌటుప్పల్ బస్టాండులో బస్సు ఆగి ఉండగా, ఫోన్లో బావమరిదితో ఇదే విషయం మీద గొడవ పడుతున్నాను. నా గొంతు కొంచెం పెద్దది. పెట్టేశాక చూస్తే, దలాలు చాచా కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు.

"గంత ఒర్రుతున్నవ్, ఏం కొంటున్నవ్ సాబ్?"

"ఏం కొంటలేను. మా బిడ్డ సదువు ముచ్చట."

"గదే. కొనుడే గదా." పక్కకు జరిగి సీటు చూపించాడు. నేను కూర్చోలేదు. అయినా చెప్పడం ఆపలేదు. "పెయ్యను కొనేటోడు పాలు పిండి చూస్తడా? పాలే ఉండయి. ఈనేదాంక మేపాలె. గడ్డి నీది, దాణా నీది, ఫికర్ నీది. ఈనినంక గద పాలు! నడుమ చూడి నిలువకపోతే? గది సుత లెక్కల ఏసుకోవాలె. నువ్వు ఏసినవా?"

"నా బిడ్డను పెయ్య అంటవా?"

"సదువును అన్న సాబ్. బిడ్డనెందుకంట?"

నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

"కోపంల కొన్న పశువు కొట్టంల నిలువది" అన్నాడు మళ్లీ. "అంగడికి రా. బిడ్డను తీస్కరా. అమ్మేటోని మాట ఇన్నవ్, మీ బామ్మర్ది మాట ఇన్నవ్. గా పని చేసి బతికేటోన్ని అడిగినవా?"

అడగలేదు. అడగాలని తోచని మాట ఇంకొకరు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. అయినా మరుసటి అంగడికి సెలవు పెట్టి మౌనికను తీసుకెళ్లాను. ఆయన చెప్పినందుకు కాదు. ఆయన చెప్పింది తప్పని చూపించడానికి.

అంగట్లో దుమ్ము, పేడ వాసన, బర్రెల అరుపులు. చాచా అక్కడ బస్సులోని మనిషి కాదు. నడుము నిటారుగా ఉంది. మమ్మల్ని ఒక చాయ్ హోటలు బెంచీ మీద కూర్చోబెట్టి, మోటారుసైకిలు మీద మందుల సంచితో తిరిగే ఒకాయనను పిలుచుకొచ్చాడు. ప్రైవేటు కాలేజీలో అదే డిప్లొమా చదివి ఊళ్ల వెంట సూదులు వేస్తాడట.

"ఎట్లున్నది పని?" అని నేనే అడిగాను.

"దేవుని దయ అన్నా, మస్తు నడుస్తాంది. చెయ్యి ఖాళీ లేదు" అన్నాడాయన, ఫోను చూసుకుంటూ.

చాచా ఆయన కుడిచేయి పట్టుకుని తువ్వాల కప్పాడు. ఇద్దరూ చెరో దిక్కు చూశారు. తువ్వాల కింద వేళ్లు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. ఆయన మొహంలో మస్తు నడుస్తున్న కళ కొంచెం తగ్గింది.

తరువాత పశువుల అంబులెన్సులో కాంట్రాక్టు మీద పనిచేసే ఇంకొకాయన. సర్కారు సీటులో చదివాడు.

"ఏముంది చాచా, పస్తులే. గీ జీతానికి పెండ్లి సుత అయితలేదు" అన్నాడు.

"నీ పెండ్లి నీ మూతికి ఆగింది, జీతానికి గాదు. చెయ్యి తే" అన్నాడు చాచా. మళ్లీ తువ్వాల. ఈసారి చాచా కనుబొమలు కొంచెం పైకి లేచాయి.

"నోటికి అబద్ధం అలవాటు" అన్నాడు నాతో, ఆయన వెళ్లాక. "ఒకడు ఎక్కువ చెప్తడు, ఒకడు తక్కువ చెప్తడు. తువ్వాల కింద మాత్రం ఆడరు. ఆడితే రేపటికెల్లి అంగట్ల ఎవ్వడు చెయ్యియ్యడు."

నేను నా చేయి చాచాను. నాకు కదా చెప్పాలి. జాగా నాది, బిడ్డ నాది.

ఆయన నా చేతిని చూశాడు. తర్వాత మౌనిక వైపు తిరిగాడు.

"మేసేది బిడ్డ, ఈనేది బిడ్డ. నీ చెయ్యెందుకు? బిడ్డా, జర చెయ్యి తే."

మౌనిక నా వైపు చూడను కూడా చూడకుండా చేయి చాచింది. తువ్వాల కప్పాడు. మొదట మోటారుసైకిలాయనది, తర్వాత అంబులెన్సాయనది చెప్పాడని ఆమె కళ్లు చూస్తే అర్థమైంది. తర్వాత తువ్వాల కింద ఆమే ఏదో అడిగింది. ఆయన తల ఊపి, ఆమె చెవి దగ్గరికి వంగి మెల్లగా ఏదో చెప్పాడు. నేను, కన్నతండ్రిని, పక్కన బెంచీ మీద చల్లారిన చాయ్ పట్టుకుని కూర్చున్నాను. హోటలాయన కూడా చూశాడు.

తిరుగు బస్సులో అడిగాను. "ఎంతంట?"

"చెప్పొద్దు నాయినా. తువ్వాల కింది మాట."

"నేను నీ తండ్రిని."

"అందుకే జర ఇను. నంబర్లు చెప్ప, సంగతి చెప్త." కిటికీ వైపు చూస్తూ మెల్లగా చెప్పింది. "మోటరుసైకిలాయన సంపాదిస్తుండు. గని వానకాలమే. ఎండకాలం ఇంట్లనే ఉంటడు. కాలేజీకి కట్టింది ఇంకా ఎల్లలేదంట. అంబులెన్సాయనకు వచ్చేది మామ ఫ్యాక్టరీ కంటె జరంత తక్కువనే ఇయ్యాల. గని ఏటేటా పెరుగుతది, నెత్తి మీద బాకీ లేదు. సదువు అదే, సూది అదే. ధరనే తేడా."

"అయితె సదువొద్దంటవా?"

"సదువుత. ఈ ధరకొద్దు. దలాలు తాత చెవుల ఒక్కటే అన్నడు నాయినా, పెయ్య మంచిదే, ధర మంచిగలేదు, అంగడి మల్ల వస్తది అని. ఈ ఏడు మామ ఫ్యాక్టరీల పనిచేస్త. హాస్టలుకు కూడవెడ్త. మల్ల పరీక్ష రాస్త."

"సీటు మల్ల రాకుంటె?"

ఆ ఏడాదంతా ఆ ప్రశ్న మా ఇంట్లోనే ఉంది, మాతో పాటు అన్నం తింది.

బావమరిది ఇంటికి వెళ్లి ఉద్యోగం అడగాల్సి వచ్చింది. "నేను చెప్పలే బావా?" అన్నాడు. కాదు, మూడుసార్లు అన్నాడు. కొనేవాడికి జాగా అమ్మడం లేదని చెబితే వాడూ నాలుగు మాటలన్నాడు. అవన్నీ నా దగ్గర ఉన్నాయి.

మౌనిక ఫ్యాక్టరీ బస్సులో పోతూ వస్తూ చదివింది. చాచా ప్రతి అంగడి రోజూ బస్సెక్కగానే, సీటు దుమ్ము కొట్టి, గట్టిగా అడిగేవాడు.

"పెయ్య ఎట్లున్నది సాబ్?"

"మంచిగనే ఉన్నది" అనేవాణ్ని, పళ్లు బిగించి. అందరి ముందూ ఇంకేమనను? నేను పెయ్యను కొన్నానని బస్సంతా నమ్మింది. ఒకావిడ తన మరిది దగ్గర మంచి దాణా ఉందని చెప్పింది. ఒక పెద్దమనిషి ఏ జాతిదని అడిగాడు. చిట్యాలలో ఎక్కే పాలాయన అయితే వారం వారం, "ఈనిందా? ఎన్ని లీటర్లిస్తాంది?" అని వదిలేవాడు కాదు. చాచా మాత్రం తువ్వాల మొహం మీద కప్పుకుని ఉండేవాడు. కింద నవ్వుతున్నాడో నిద్రపోతున్నాడో ఎలా తెలుస్తుంది? తువ్వాల ఒకటే కదిలేది.

మరుసటి ఏడు సర్కారు సీటు వచ్చింది. పాలమూరు సర్కారు కాలేజీ హాస్టలుకు ట్రంకుపెట్టె నేనే మోసుకెళ్లి దింపి, తిరుగు బస్సులో మామూలు ప్రయాణికుడిలా కిటికీ పక్కన కూర్చున్నాను. దారిలో ఎక్కడ నిద్రపట్టిందో తెలియదు. ఏడాది తర్వాత పట్టిన నిద్ర. కండక్టరు తట్టి లేపితే గాని లేవలేదు.

ఆ వారం చాచా ఎప్పటిలాగే పెయ్య ఎట్లున్నదని అడిగాడు.

"కొట్టం మారింది" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాల తీసి, నా చేతి మీద కప్పి, ఐదు వేళ్లూ కలిపి గట్టిగా పట్టుకున్నాడు. అది ఏ ధరో నాకు తెలియదు. నేను బేరగాణ్ని కాను.

ఆ తర్వాతి కథ పెద్దగా లేదు. చదువయింది, కొన్నాళ్లు అంబులెన్సు మీద చేసింది, ఇప్పుడు దేవరకొండ దిక్కు ఒక పాల డెయిరీ వాళ్ల పశువులన్నిటికీ ఆమే దిక్కు. నేను ఉద్యోగం దిగాను. చాచా బస్సెక్కడం మానేశాడు. పక్షవాతంతో మాట పడిపోయిందని ఎవరో అంటే విన్నాను. వెళ్లి చూసిరావాలని ఉండేది. పెయ్య అన్న మాట అడ్డమొచ్చేది.

మౌనిక నాకు చెప్పకుండా వెళ్లింది. ఆ సంగతి కూడా ఆయన పోయాడని నాకు తెలిసిన ఆ సాయంత్రమే చెప్పింది.

"మాట లేదు నాయినా. ఇంట్లోళ్లు ఏడుస్తున్నరు, ఏం కావాల్నో తెలుస్తలేదని. నేను కూసోంగనే దుప్పటి కిందికి నా చెయ్యి గుంజుకున్నడు. ఎంతిస్తుండ్రని అడిగిండు, ఏళ్లతోని. నేను పట్టి చెప్పిన. జరసేపు కండ్లు మూసుకున్నడు. మల్ల నా చెయ్యి పట్టుకొని, ఇంకొక ఏలు ఎక్కువ పట్టిండు."

"అంటే?"

"తక్కువకు తెగినవ్, ఇంకొకటి అడుగు అని."

"అడిగినవా?"

"మరునాడే అడిగిన."

"ఇచ్చిండ్రా?"

తల ఊపి, చెప్పులు కడగడానికి నీళ్ల దగ్గరికి వెళ్లింది. నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. చాలా ఏళ్లుగా భుజం మీద ఉన్న సంచి ఎవరో వెనకనుంచి వచ్చి దింపినట్టయింది. ఆయనను ఒక్కసారి చూసి ఉంటే బాగుండేదని మాత్రం అనను. కబురు చేయాల్సింది వాళ్లు.

పోయిన శ్రావణంలో చిట్యాల జాగాలో రెండు గదులు వేసి ఇల్లు చేరాం. డబ్బు ఎక్కువ భాగం మౌనికదే. బంధువులంతా వచ్చారు. భోజనాలయ్యాక, పందిట్లో అందరూ ఉండగా, మా బావమరిది పళ్లు కుట్టుకుంటూ అడిగాడు.

"ఏం బిడ్డా, గంత సదివినవ్, గిప్పుడు ఎంతిస్తుండ్రేంది?"

పందిరంతా మా వైపు తిరిగింది. ఆ అంకె నాకు తెలుసు. మొదటి జీతం నాడే నా చేయి పట్టి చెప్పింది, ఆ సాయంత్రం చెప్పులు కడిగొచ్చాక పెరిగినదీ అలాగే చెప్పింది. పెళ్లి పంక్తిలో నవ్విన మొహాలు సగం అక్కడే ఉన్నాయి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"చెయ్యి తే మామా" అంది మౌనిక.

వాడు అర్థం కాక చేయి చాచాడు. ఆమె చున్నీ కొంగు దాని మీద కప్పింది. ఎటో చూస్తూ వేళ్లు పట్టింది. మళ్లీ పట్టింది. వాడి నోట్లో పుల్ల ఆగిపోయింది. కొంగు తీసేసి, ఆమె వక్క పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లిపోయింది.

"ఎంతంట, ఎంతంట?" అని చుట్టూ ఉన్నవాళ్లు వాడి మీద పడ్డారు. వాడు తన చేతినే చూసుకుంటున్నాడు. కాసేపటికి లేచి నా పక్కకొచ్చి, చెవిలో అడిగాడు. "బావా, నిజమేనా?"

"ఏంది?"

"గదే..." అని ఆగాడు. అంకె వాడి నోటి నుంచి కూడా రాలేదు.

పెయ్య అన్న మాటకు ఆ ముసలాయనను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆ పందిట్లో, అందరూ చూస్తుండగా, గట్టిగా నవ్వాను. టికెట్ ఎవరూ కొట్టలేదు.